తుప్పు కూడా అసలుదే

ఒక పెద్ద అడవిలో ఎవరో షోకుబాబు వదిలేసి పోయిన ఎర్ర రేసు కారు ఒకటి నక్కకు దొరికింది. ఇద్దరే కూర్చునే పాతకాలపు బండి. నక్క దాన్ని అమ్మకానికి పెట్టింది.

ఎలుగమ్మ బేరానికి వచ్చింది. ఆమె పిల్లలిద్దరూ కొండ అవతల చదువుకుంటున్నారు. వేళకు తింటున్నారో లేదోనని ఆమెకు ఒకటే దిగులు. వేసవంతా కూడబెట్టిన తేనెకుండను వెంట తెచ్చుకుంది.

"కొండ ఎక్కుతుందా, తమ్ముడూ?"

"ఏం మాటక్కా అది! ఇలాంటి బండిని ఎక్కుతుందా అని అడగరు. ఏ కాలం నాటిదని అడుగుతారు."

"మరి ఈ తుప్పు?"

"తుప్పు కూడా అసలుదే! తుడిస్తే విలువ పడిపోతుంది."

ఎలుగమ్మ కుండను దగ్గరకు లాక్కుంది. "ఉన్నదంతా ఇదే తమ్ముడూ. దారిలో ఆగిపోతే పిల్లలకు తేనే లేదు, నేనూ లేను."

బేరం జారిపోయేలా ఉందని నక్క పురాతన వస్తువుల సంఘాన్ని పిలిపించింది. ఆ సంఘానికి ఒక ఆచారం ఉంది. దేన్నీ ముట్టుకోకుండానే విలువ కడతారు.

అధ్యక్షుడు నెమలి కారు అద్దంలో తన పింఛం చూసుకుని, "ఆహా! ఎంత అందం!" అన్నాడు.

"సీటులో ఎలుకలు కాపురం పెట్టాయండీ," అంది ఎలుగమ్మ.

"ఎన్ని తరాల ఎలుకలో!" అని సభ్యురాలు గేదె కళ్లు ఒత్తుకుంది.

"ఒక్కసారి స్టార్ట్ చేసి చూడొచ్చా?" అని అడిగింది ఎలుగమ్మ.

నెమలి అదిరిపడ్డాడు. "స్టార్ట్ చేస్తే అరిగిపోదూ?"

నక్కకు హుషారొచ్చింది. "ఒక్క మర కూడా మార్చలేదు స్వామీ! ట్యాంకులో పెట్రోలు కూడా ఆనాటిదే. ఇలాంటిది లోకంలో ఇంకోటి లేదు."

సంఘం కాసేపు గుసగుసలాడింది. నెమలి పింఛం విప్పి ప్రకటించాడు:

"దీనికి వెల కట్టలేం."

నక్క ముఖం వెలిగిపోయింది.

"వెల కట్టలేనిదాన్ని అమ్మకూడదు. నేటి నుంచి ఇది అడవి సొత్తు. కదపరాదు, కడగరాదు. కాపలా నక్కదే. దీనిపై వేసే పందిరి ఖర్చూ నక్కదే."

"అయ్యా, అన్నీ అబద్ధాలే చెప్పాను! అది కదలదు! ఉత్త పాత ఇనుము!"

"ఎంత వినయమో చూశారా!" అంటూ గేదె నక్క మెడలో దండ వేసింది.

ఎలుగమ్మ కుండను భుజానికెత్తుకుని కొండదారి పట్టింది. ఆయాసపడుతూనే ఎక్కి దిగింది. పొద్దు గూకేసరికి పిల్లల మూతుల నిండా తేనె.

అందుచేత, పాత బండి కొనబోయేవారు అమ్మేవాడి గొప్పలకు అడ్డుపడకూడదు. అవి బాగా ముదిరితే కొనే పనే తప్పిపోతుంది.