జగ్గారావు గారి శత్రువు

మనిషి గొప్పతనం అతనికి ఎన్ని ఎకరాలున్నాయో, ఎన్ని కార్లున్నాయో చూస్తే తేలదు. అతన్ని చంపాలనుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెడితే తేలుతుంది! ఈ మహాసత్యాన్ని విశాఖపట్నంలో మొట్టమొదట కనిపెట్టినవాడు సీతమ్మధార జగ్గారావు. కనిపెట్టిన రోజే ఆయనకు ఒక చిక్కు కూడా కనిపించింది. ఆయన్ని చంపాలనుకునేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆయన సొంతూరు పద్మనాభం. వరిచేలు చదును చేసి, సున్నం గీతలు గీసి, రంగుల జెండాలు పాతి ప్లాట్లు అమ్ముతాడు. చేలు అమ్మినవాళ్ళు సంతోషించారు, ప్లాట్లు కొన్నవాళ్ళు సంతోషించారు, మధ్యలో ఉన్న జగ్గారావు మరీ సంతోషించాడు. ఇంత సంతోషంలో శత్రువు ఎక్కడ దొరుకుతాడు? బజార్లో దొరకని వస్తువును ఇంట్లో చేసుకోవాలి. అరిసెలైనా అంతే, శత్రువైనా అంతే.

అందుకని ఎనిమిదేళ్ళ కిందట ఒక ఆదివారం పూట ఆయన భార్య కాశమ్మను భోజనాల బల్ల దగ్గర కూచోబెట్టి, కాగితం కలం ముందు పెట్టాడు.

"రాయే. నన్ను సంపేత్తామని రాయి."

"ఓలమ్మో! అదేటి మాటండీ?"

"రివాల్వర్ లైసెన్సు కావాలంటే పేనానికి ముప్పుండాలట. నా రాత ఆఫీసులో అందరికీ తెలుసు. నీ రాత ఎవులికి తెలుసు? రాయి."

నిజమే, ఎవరికీ తెలియదు. కాశమ్మ ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆమె అక్షరాలు ముత్యాలు పేర్చినట్టున్నాయని మాస్టారు పలక ఎత్తి తరగతంతా తిప్పి చూపించేవారు. ఆ తర్వాత పాతికేళ్ళుగా ఆ ముత్యాలన్నీ పచ్చడి జాడీల మీద, పిండి డబ్బాల మీద అంటించిన చీటీలకే పరిమితమైపోయాయి. ఇన్నాళ్ళకు ఒక పెద్ద పని తగిలింది కదా అని ఆమె చీర కొంగు బిగించి, ఒద్దికగా రాసి ఇచ్చింది.

'మహారాజశ్రీ జగ్గారావు గారికి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాము. మిమ్మల్ని త్వరలో చంపదలిచామని తెలియజేసుకుంటున్నాము.'

జగ్గారావు తల పట్టుకున్నాడు. "సంపేవోడు గారూ అంటాడేటే? శుభలేక రాత్తన్నావా?"

"మొగుడి పేరు గారు లేకండా ఎలాగ రాత్తానండీ? సేతులు పడిపోవా?"

"పడిపోవు. కొట్టెయ్ ఆ గారు!"

ఆమె కొట్టేసింది. కళ్ళు మూసుకుని 'ఒరే జగ్గారావూ' అని రాసింది. రాసి, చేతులు కడుక్కుని, మొగుడి కాళ్ళకు దండం పెట్టుకుంది. చంపుతానని బెదిరించి వెంటనే కాళ్ళకు దండం పెట్టిన శత్రువు లోకంలో ఈమె ఒక్కతే కాబోలు!

లైసెన్సు వచ్చింది. దానితోపాటు రివాల్వరూ, పది తూటాలూ వచ్చాయి. అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఆయుధాన్ని బయటికి కనబడనివ్వకూడదని నిబంధన ఉంది. కనబడకుండా దాచుకోవాలట! దాచుకోవడానికైతే ఇంత కష్టపడి శత్రువును తయారుచేసుకోవడం దేనికి?

జగ్గారావు ఆలోచించి దాచే విద్య నేర్చుకున్నాడు. అందరికీ తెలిసేలా దాచేవాడు. పెళ్ళికి వెళితే కర్చీఫ్ కింద పడేది. దాన్ని తీయడానికి ఆయన వంగేవాడు. వంగితే చొక్కా పైకి లేచేది. నడుముకున్న తోలు సంచి కనబడేది. "అయ్యో, కనబడిపోనాదా? ఎవులికీ సెప్పకండేం!" అని చుట్టూ ఉన్న పదిమందికీ చెప్పేవాడు. ఒక్కోసారి ఒకే పందిట్లో కర్చీఫ్ ఆరుసార్లు పడేది. బీచ్ రోడ్డులో గాలి ఎటు వీస్తుందో చూసుకుని, చొక్కా పైకి లేచేలా తిరిగి నిలబడేవాడు.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. ఆ నెలల్లో జగ్గారావు నడుము బోసిపోకుండా అదే సంచిలో కళ్ళజోడు పెట్టె పెట్టుకుని తిరిగేవాడు. ఆ సంగతి కాశమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మర్యాదలో తేడా ఏమీ రాలేదు. కళ్ళజోడుకు కూడా జనం పక్కకు తప్పుకునేవారు.

ఇలా ఎనిమిదేళ్ళు గడిచాక కూతురు నీలిమకు సంబంధం కుదిరింది. నీలిమ ఊళ్ళోనే ఒక లాబ్‌లో పనిచేస్తుంది. పోర్టు దగ్గర ఎగుమతుల ఆఫీసులో పనిచేసే సన్నీ, ఆమె ఒకరినొకరు ఇష్టపడ్డారు. సన్నీ తల్లిదండ్రులు తెలుగువాళ్ళే గాని ఉండేది ఒడిశాలోని బరంపురంలో. తండ్రి దేవీప్రసాద్ మెత్తని మనిషి. తల్లి కుసుమకుమారి ముప్పై రెండేళ్ళు తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. శ్రావణ శుక్రవారం నాడు బరంపురంలో తాంబూలాలు పుచ్చుకుందామని వాళ్ళు కబురు చేశారు.

జగ్గారావు ఫోనులో దేవీప్రసాద్‌తో అన్నాడు. "వత్తాం బావగారూ. కాకపోతే నా పరిస్థితి మీకు తెలీదు. పేనానికి ముప్పు. నాను వెపన్ లేకండా గడప దాటను."

అవతలి నుంచి "అలాగా అండి" అని మాత్రం వినబడింది. అది గౌరవమని జగ్గారావు అనుకున్నాడు. పక్కనే కూరగాయలు తరుగుతున్న కాశమ్మకు మాత్రం అది గౌరవంలా వినబడలేదు.

మర్నాడు లైసెన్సు పుస్తకం తిరగేస్తే, చివరి పేజీలో ఒక ముద్ర కనబడింది. 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వరకు మాత్రమే.' జగ్గారావు పోలీసు కమిషనరు ఆఫీసులోని ఆయుధాల సెక్షనుకు పరుగెత్తాడు. అక్కడ అర్జునరావు అనే గుమాస్తా ఉంటాడు. నవ్వడానికి కూడా పై అధికారి అనుమతి కావాలన్నట్టుంటాడు.

"ఇచ్ఛాపురం దాకా ఇది లైసెన్సు ఉన్న ఆయుధం. దాటి అడుగు వేస్తే అదే ఆయుధం నేరం," అన్నాడు అర్జునరావు.

"మరి ఒడిశాకి కూడా రాసిచ్చీయండి బాబూ."

"కారణం?"

"పేనానికి ముప్పండి!"

"మీ ముప్పు ఫైల్లో ఉంది. అది ఆంధ్రప్రదేశ్ ముప్పు. ఒడిశాలో ముప్పున్నట్టు రుజువేది?"

"శత్రువు కూడా ఇచ్ఛాపురం కాడ ఆగిపోతాడేటండీ?"

"అది శత్రువు లిఖితపూర్వకంగా తెలియజేయాలి," అన్నాడు అర్జునరావు, ఫైలు మూసేసి.

ఇంకేముంది! భోజనాల బల్ల మీదికి మళ్ళీ కాగితం, కలం వచ్చాయి. 'ఒరే జగ్గారావూ, బరంపురంలో అడుగుపెట్టావంటే తిరిగి పోలేవు' అని కాశమ్మ రాసింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. కాస్త చెయ్యి తిరిగింది కూడా. ఆమె తమ్ముడు సింహాద్రి రొయ్యల లారీతో బరంపురం వైపు వెళుతుంటాడు. ఉత్తరం అతని చేతికిచ్చి, అక్కడ పోస్టు చేయమన్నారు.

"ఏటి బావా, ఈ వయసులో నీకు నువ్వే ఉత్తరాలు రాసుకుంతన్నావా?" అని నవ్వాడు సింహాద్రి.

"నోర్ముయ్ రా. ఇది ప్రెస్టీజు విషయం."

ఉత్తరం వచ్చింది. ఫైలు కదిలింది. మన ఆఫీసుల్లో ఫైలు కదలదని అనేవాళ్ళు పాపం మూటగట్టుకుంటున్నారు! పదిహేను రోజుల్లో ఆర్డరు వచ్చింది. ఇంట్లో అందరినీ కూచోబెట్టి జగ్గారావు దాన్ని పైకి చదివాడు.

'విచారించగా, అర్జీదారునికి ఒడిశా రాష్ట్రంలో ప్రాణహాని కలదని రూఢి అయినది. కావున ఆయన భద్రత దృష్ట్యా, తదుపరి ఉత్తర్వుల వరకు ఒడిశా ప్రయాణము చేయరాదని ఇందుమూలముగా ఆదేశించడమైనది. అచ్చటకు ప్రయాణమే లేనందున, అచ్చట ఆయుధము అవసరము లేదు.'

ఆయన అదే కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఆర్డరు తెచ్చిన కానిస్టేబుల్ గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూచున్నాడు. ఎవర్నీ లోపలికి రానివ్వకుండా కాదు, జగ్గారావును బయటి రాష్ట్రానికి పోనివ్వకుండా! తుపాకీ పట్టుకుని కూతురి తాంబూలాలకు వెళ్ళాలనుకున్న మనిషి, ఇప్పుడు తుపాకీ లేకుండా కూడా వెళ్ళలేడు.

సెక్షనుకు వెళ్ళి బతిమాలాడు. అర్జునరావు కదల్లేదు. "రేపు మీకేమైనా అయితే సంతకం పెట్టిన నేను జవాబు చెప్పాలి."

"ఏటీ అవ్వదండి! నాకు తెలుసు గదా!"

"మీకెలా తెలుసు?"

జగ్గారావు కర్చీఫ్‌తో మొహం తుడుచుకుని లేచి వచ్చేశాడు.

బరంపురానికి ఫోను చేస్తే ఈసారి కుసుమకుమారి మాట్లాడింది. "పిల్ల తండ్రి లేకుండా మా ఇంట తాంబూలాలు పుచ్చుకోరండి. మీ ఇంటి పరిస్థితులు కుదుటపడ్డాక చూద్దాం. అప్పటిదాకా ఈ మాట ఆపుదాం." గొంతులో కోపం లేదు. అందుకే కాశమ్మకు భయమేసింది. ఆపుదాం అన్నవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టినట్టు ఆమె ఎక్కడా వినలేదు.

నీలిమ ఏడవలేదు. తాంబూలాలకని కుట్టించుకున్న జాకెట్టును మడతపెట్టి బీరువా అడుగున పెట్టేసింది. "అమ్మా, నాన్నని సంపడానికి నిజంగా ఎవరున్నారే?" అని అడిగింది.

కాశమ్మకు పప్పులో కారం ఎక్కువైనట్టు కళ్ళు మండాయి. "ఉన్నార్లే. సెప్పి సూత్తాను," అంది.

మొగుడు మధ్యాహ్నం కునుకు తీస్తుండగా ఆమె బల్ల దగ్గర కూచుంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ పక్కన నిలబడకుండా ఆమె ఉత్తరం రాయడం అదే మొదలు.

'మహారాజశ్రీ జగ్గారావు గారికి నమస్కారాలు. ఎనిమిదేళ్ళుగా మిమ్మల్ని చంపుతామని అంటున్నందుకు సిగ్గుపడుతున్నాము. తమరి మీద మాకు ఏ పగా లేదు. ఒకరి మాట విని అలా రాశాము. మీరు బరంపురం నిర్భయంగా వెళ్ళి అమ్మాయి తాంబూలాలు జరిపించుకోండి. పిల్లకు మా దీవెనలు. ఇట్లు, మీ శత్రువు.'

కవరు అంటించి, అందులోని మాటలు నిజమే గదా అనుకుంటూ, సెక్షను పేరు రాసి తనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసింది.

నాలుగో రోజున జగ్గారావుకు పిలుపొచ్చింది. అర్జునరావు మూడు ఉత్తరాలనూ బల్ల మీద వరసగా పేర్చాడు. "చేతిరాత సరిపోయింది. మూడూ రాసింది ఒక్కరే. కాబట్టి ఇది అసలైన శత్రువు నుంచి వచ్చిన అసలైన క్షమాపణ. శుభం! మీరు ఒడిశా వెళ్ళొచ్చు."

"మరి లైసెన్సు?"

"ముప్పు పోయింది కదండీ. ముప్పు లేనప్పుడు ఆయుధం దేనికి? అప్పగించి రసీదు తీసుకోండి. క్షమాపణ జిరాక్సు నకలు కూడా ఇస్తాను, దాచుకోండి."

జగ్గారావు ఆ మూడో ఉత్తరం చూశాడు. ఆ గుండ్రటి 'గారు' ఎవరిదో ఆయనకు తెలియదా! ఇది దొంగ ఉత్తరమండీ అని అరవబోయాడు. అంతలో పక్కనున్న రెండు ఉత్తరాలు కళ్ళబడ్డాయి. మూడోది దొంగదంటే మొదటి రెండూ ఏమవుతాయి? ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆయన ప్రాణానికి నిజంగా ముప్పు వచ్చింది. నోరు మూసుకుని, రివాల్వరూ పది తూటాలూ లెక్కపెట్టి అప్పగించాడు. గొట్టం మీద దసరా పూజల కుంకుమ బొట్టు ఇంకా చెదరలేదు.

ఇంటికొచ్చి కాశమ్మ వంక గుడ్లురిమి చూశాడు. "ఎవులు సేసీసినారే ఈ పని?"

"మీ శత్రువండి," అంది కాశమ్మ, సున్నుండలు చుడుతూ. "మంచోడిలాగున్నాడు."

ముప్పు పోయిందని, తుపాకీ అప్పగించేశారని కాశమ్మ ఫోను చేస్తే బరంపురంవాళ్ళు రమ్మన్నారు. శుక్రవారం నాడు పన్నెండుమంది రైల్లో బరంపురం వెళ్ళారు. సారె డబ్బాలు ఏడు. నడుముకు తోలు సంచి ఉంది. అందులో కళ్ళజోడు పెట్టె ఉంది. అయినా జగ్గారావు ఊరుకునే మనిషా? అందరూ కూచోగానే ఆయన జేబులోంచి ప్లాస్టిక్ వేయించిన ఆ నకలు తీశాడు.

"నాను వెపన్ వొదిలేసినాను బావగారూ. అవసరం లేదు. నా పేరు సెబితే శత్రువులే వొణికి, ఇదిగో, కాళ్ళబేరానికొచ్చి రాసిచ్చినారు. సదవండి!"

కాగితం చేతులు మారింది. చదివినవాళ్ళంతా "అబ్బో!" అన్నారు. చివరికి అది కుసుమకుమారి చేతికి వెళ్ళింది. ఆమె కళ్ళజోడు సర్దుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. పక్కన సారె డబ్బాలున్నాయి. ఒక్కో మూత మీద ఒక్కో చీటీ. అరిసెలు. జంతికలు. సున్నుండలు. ఆమె కాగితం వంక చూసింది, సున్నుండల డబ్బా వంక చూసింది, మళ్ళీ కాగితం వంక చూసింది.

కాశమ్మ గుమ్మం వైపు చూసింది. వాకిట్లో నీలిమ, సన్నీ పక్కపక్కనే నిలబడి ఉన్నారు.

"అన్నయ్యగారూ," అంది కుసుమకుమారి. "భయపడి వణికినవాళ్ళ రాత ఇలా ఉండదండీ. ముప్పై రెండేళ్ళు పేపర్లు దిద్దాను, ఆ మాత్రం తెలుసు. ఇది రోజూ మీకు అన్నం వడ్డించే చెయ్యి."

జగ్గారావు చేతిలోంచి కర్చీఫ్ జారి కింద పడింది. ఈసారి నిజంగానే పడింది. ఆయన వంగలేదు. సింహాద్రి వంగి తీసి, "ఇంద బావా," అని ఇచ్చాడు.

కుసుమకుమారి కాశమ్మ పక్కకు జరిగి కూచుంది. "వదినగారూ, తుపాకీ ఉన్న ఇంటితో వియ్యం వద్దని నేనే ఈ మాట ఆపించాను. మీ శత్రువు మంచి పని చేశాడు. సున్నుండలు కూడా బాగా చుడతాడు." ఆమె పీట మీద పసుపు రాసిన కాగితం, కలం తెచ్చి కాశమ్మ ముందు పెట్టింది. "లగ్నపత్రిక మీరే రాయాలి. ఇంత చక్కని రాత ఈ గదిలో ఇంకెవరికీ లేదు."

కాశమ్మ చేతులు తుడుచుకుని కలం అందుకుంది. మొదటి వరసలోనే మొగుడి పేరు రాయాల్సి వచ్చింది. జగ్గారావు గారి కుమార్తె అని రాసి, ఆ 'గారు' దగ్గర ఒక్క క్షణం ఆగి, మొగుడి వంక చూసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఉంచేయే," అన్నాడు మెల్లగా. "కొట్టెయ్యకు."