కాల్చడానికే కొన్న గట్టి రెజిన్

కోరుట్లలో కరెంటు పోవడం పెద్ద బాధ కాదు. ఫలానా టైముకు పోతుందని పేపర్లో వేసి, ఆ టైముకు పోకపోవడమే బాధ. తొమ్మిదింటికి పోతుందని మహిపాల్ ఎనిమిదిన్నరకే అన్నీ బందు చేసుకుని కూర్చునేవాడు. అది పన్నెండు దాకా దర్జాగా వెలిగి, ఆయన స్విచ్చి వేసిన క్షణాన పోయేది.

మహిపాల్‌ది కట్టుడుపళ్ళ ల్యాబు. ఊడిన పళ్ళ చోట కొత్తవి నిలబెట్టే లోహపు చట్రం, మిగిలిన పళ్ళను పట్టుకునే కొక్కేలతో సహా, అక్కడ చేస్తారు. అంటే భార్య రాధిక చేస్తుంది. బోర్డు మీద పేరు మాత్రం మహిపాల్‌ది. పన్నెండేళ్ళుగా ఆమె చేత్తో మైనం చట్రం మలిచి, సుద్దలాంటి ముద్దలో పూడ్చి, కొలిమిలో పెడుతోంది. మైనం కాలిపోతే లోపల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. ఇదంతా మోటుపని అనిపించి, మహిపాల్ హైదరాబాదు నుంచి వాడేసిన త్రీడీ ప్రింటర్ ఒకటి తెచ్చాడు. ఇకపై మైనం బదులు మిషనే రెజిన్ అనే ప్లాస్టిక్ ద్రవంతో చట్రం అచ్చు వేస్తుందని జగిత్యాల డాక్టర్ రాజలక్ష్మికి నాలుగుసార్లు ఫోన్ చేసి చెప్పాడు. ల్యాబుకొచ్చే పనిలో సగం ఆమె పంపేదే.

"సరే, ఒక కేసు ఇస్త. సోమవారం పొద్దుగాల అందాలె," అంది డాక్టరమ్మ. "అందకుంటే నా కేసులన్నీ కరీంనగర్‌కే పోతయ్."

ఆ కేసు సిరిసిల్ల రిటైర్డ్ హెడ్మాస్టర్ శంకరయ్యది. తెలంగాణ కోసం నడుస్తున్న రిలే నిరాహార దీక్షలో సోమవారం ఆయన వంతు. టెంటుకు ఫ్లెక్సీ అప్పుడే కట్టేశారు. ఫ్లెక్సీ కొట్టినవాడు గౌరవం కొద్దీ ఆయన నోట్లో లేని నాలుగు ముందుపళ్ళు పెట్టాడు. ఇప్పుడు నోరు ఫ్లెక్సీకి సరిపోవాలి.

శనివారం పొద్దున ప్లాను చాలా సులువు. శాంపిల్‌గా వచ్చిన మూడు రెజిన్లలో ఒకటి ఎంచుకోవడం, అచ్చు తీయడం, సాయంత్రానికి లోహం పోయడం. ఎంచుకోవడానికి మహిపాల్ తన అక్క మొగుడు జలపతిని పిలిచాడు. జలపతికి జగిత్యాలలో సిమెంటు, సలాకల దుకాణం. లోకంలో ఏ వస్తువునైనా ఆయన ఒకే ప్రశ్న అడుగుతాడు.

"గట్టిగుంటదా?"

మొదటి రెజిన్‌తో తీసిన ముక్కను వంచాడు. పుటుక్కుమంది. "గిదేంది బామ్మర్దీ, బిస్కట్ లెక్క!" రెండోదీ అంతే. మూడోదాన్ని నేలకేసి కొట్టాడు, బూటుతో తొక్కాడు, సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. చెక్కుచెదరలేదు. "గిది దీస్కో. సార్ మనుమండ్ల దాకా నడుస్తది."

రాధిక సీసా మీది కాగితం చదువుతోంది. "అన్నా, మొదటిది బూడిద మిగలకుండ కాల్తదట. మూడోది గట్టితనానికట, కాల్చుడుకు పనికిరాదని రాసిండ్రు. కాల్చేదానికి గట్టితనమెందుకు? పాడెకు టేకుకట్టె ఏరినట్టుంది మీ కథ."

"నీకు తెల్వదు తియ్," అన్నారు ఇద్దరూ.

శనివారం సాయంత్రం కొలిమిలో ఆ గట్టి రెజిన్ కాలడానికి బదులు ఉబ్బింది. ముద్ద నిలువునా పగిలింది. ఆదివారం బంద్. మహిపాల్ షట్టరు సగం దించి రెండో అచ్చు పెట్టాడు.

"మంట సాలలే. మొత్తం పెంచు," అన్నాడు జలపతి.

పెంచాడు. ఆ రోజు కరెంటు కూడా పోలేదు. షట్టరు కింది నుంచి నల్లటి పొగ బజారులోకి వచ్చింది. బంద్ చేయిస్తూ వచ్చిన యువకులు చూసి టైరు కాలుస్తున్నారనుకుని మురిసిపోయారు. "అన్నా, జై తెలంగాణ!" అంటూ షట్టరు ముందు బైఠాయించారు. ఉద్యమానికి అప్పటిదాకా దుకాణం మూయడం తప్ప ఏమీ ఇవ్వని జలపతి, ఇంతమంది తనను అన్నా అనడం చూసి, స్టూలెక్కి నినాదాలు అందుకున్నాడు. పావుగంటలో పోలీసు జీపు వచ్చింది.

"ఏం కాలుస్తున్నవ్ రా లోపట?" అన్నాడు ఎస్సై.

"పండ్లు సార్," అన్నాడు మహిపాల్.

"ఎవలియి?"

"సిరిసిల్ల హెడ్మాస్టర్ సార్‌యి."

ఎస్సై టోపీ తీశాడు. "అయ్యో. ఎప్పుడు పోయిండు?"

"పోలేదు సార్. రేపు దీక్షల కూసుంటడు."

ఎస్సై టోపీ పెట్టుకుని ఇద్దరినీ జీపెక్కించాడు. "నాకేం సంబంధం లేదు సార్, నేను సిమెంటు అమ్ముకుంట," అని జలపతి దారంతా మొత్తుకున్నాడు.

స్టేషన్లో రాత్రి దాకా కూర్చోబెట్టి, మందలించి వదిలారు. రెండో అచ్చులో కొక్కేల చోట నల్లటి మసి మిగిలి ఉంటుందని, లోహం పోసినా సగమే పారుతుందని మహిపాల్‌కు చూడకుండానే తెలుసు. డాక్టరమ్మ కేసులన్నీ కరీంనగర్ బస్సెక్కుతున్నట్టే అనిపించింది. ఇంటికొచ్చేసరికి టేబుల్ మీద శంకరయ్య చట్రం నాలుగు పళ్ళతో సహా మెరుస్తోంది.

"ఎట్ల చేసినవే?"

"మైనంతోని. మీరిద్దరు లేకపోయేసరికి పని జల్ది అయింది," అంది రాధిక.

సోమవారం పొద్దున జగిత్యాలలో డాక్టరమ్మ దాన్ని శంకరయ్య నోట్లో పెట్టింది. సరిచేయడానికి ఒక్క రుద్దుడు కూడా అవసరం పడలేదు. "చూసినవా మహిపాల్! మనిషి చేతికి గీ నాజూకు వస్తదా? మిషన్ మిషనే!"

"అవును మేడం," అన్నాడు మహిపాల్. పక్కనే రాధిక డబ్బా మూత పెడుతోంది. శంకరయ్య టెంటు కింద సాయంత్రం దాకా ఇకిలిస్తూనే కూర్చున్నాడు. నిరాహార దీక్ష కాబట్టి ఆ పళ్ళకు ఇంకే పరీక్షా పడలేదు.

మరునాటికి అది మిషన్ పనేనని మహిపాల్ కూడా నమ్మాడు. గట్టి రెజినే ఇంకో మూడు క్యాన్లు తెప్పించాడు. డాక్టరమ్మ ఏడు కేసులు పంపింది, అన్నీ కంప్యూటరువే కావాలంటూ. గురువారం ఇంకో ఇద్దరు డాక్టర్లను వెంటబెట్టుకుని, మిషన్ పని చేస్తుంటే చూడటానికి స్వయంగా వస్తోంది. ఆ మాటతో నమ్మకం దిగిపోయి మహిపాల్‌కు ఏమీ తోచడం లేదు, మాకూ తోచడం లేదు. పాఠకుల్లో ఎవరికైనా ఉపాయం తడితే దయచేసి బుధవారంలోగా చెప్పండి. రాధిక ఆ మిషన్లో పట్టదు.