వెనక్కి నాలుగు, ముందుకి ఒకటి

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి కొడుకు కారు ఫిట్‌నెస్ పరీక్షలో తప్పుతుంది. మధ్యాహ్నం పాత ఇనుము లారీ వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది. రేపటి నుంచి కొడుకు బుద్ధిగా స్కూల్లో కూర్చుంటాడు. ఇద్దరూ ఒప్పుకున్న మాటే. పరీక్ష గడువుకి అదే ఆఖరి రోజు. కారు పాసైతే షెడ్డు వాడిది, తప్పితే వాడు మాస్టారివాడు.

ఆ కారు మాస్టారి పెళ్లికన్నా పాతది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఎవరో దాన్ని కోళ్లగూడుగా వాడుకుంటుంటే కొడుకు మనసు పారేసుకుని ఇంటికి లాక్కొచ్చాడు. మూడేళ్లు తుప్పు గీకాడు, రేకు అతికాడు, ఎర్ర రంగు వేశాడు. భోజనానికి పిలిస్తే కారు కిందినుంచి "ఒక్క నట్టు, వస్తున్నా" అనేవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. పాత గేరుపెట్టెకి బలం చాలదని వేరే బండిది తెచ్చాడు. ఆ బండిలో ఇంజను గేరుపెట్టెకి వెనక ఉంటుంది, ఇందులో ముందుంది. అందుకని పెట్టెను అటుది ఇటు తిప్పి బిగించాడు. అలా తిప్పినప్పుడు లోపలి పెద్ద పళ్లచక్రాన్ని కూడా రెండో వైపుకి మార్చాలి. మార్చలేదు.

ఆ సంగతి తొమ్మిదింపావుకి బయటపడింది. మొదటి గేరు వేయగానే కారు షెడ్డులోంచి ముందుకి రావలసింది పోయి వెనక గోడని గుద్దింది.

"రివర్సులో పడిందేమో చూసుకో" అన్నాడు మాస్టారు, చేతిలో పేపరు దించకుండా.

"ఫస్టే నాన్నా."

"అయితే రివర్సు వెయ్యి."

రివర్సు వేస్తే ముందుకి వచ్చింది. రొప్పుతూ, నత్తనడకన. కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. మాస్టారికి కడుపు చల్లబడింది.

"వెనక్కి నాలుగు గేర్లు, ముందుకి ఒకటి. మూడేళ్లు కూర్చుని భలే బండి చేశావు. లారీవాణ్ణి తొందరగా రమ్మననా?"

"వాడు కుమిలిపోతుంటే మీకు నవ్వులాటగా ఉందా?" అంది భార్య వంటింటి కిటికీలోంచి. "పెళ్లైన కొత్తలో మీరు మా పుట్టింటి గేటు విరగ్గొడితే మా నాన్న పల్లెత్తు మాటన్నాడా?"

"ఆయన అనలేదు. అప్పటినుంచీ నువ్వంటున్నావుగా."

కొడుకు వినిపించుకోలేదు. రవాణా ఆఫీసు ఆరు కిలోమీటర్లేగా, ఆ ఒక్క గేరులోనే పోతానన్నాడు. తప్పడం కళ్లారా చూద్దామని మాస్టారు పక్క సీట్లో ఎక్కాడు. వీధి మలుపు దాకా కూడా పోలేదు. ఇంజను అరిచి అరిచి ఆవిరి కక్కింది. అది చల్లారి నీళ్లు పోసేసరికి పది దాటింది.

"వెనక్కే తోలుకుపోతా" అన్నాడు కొడుకు పళ్లు బిగబట్టి.

తోలాడు. కారు పాములా మెలికలు తిరిగింది. ఒక చెత్తడబ్బాని పడగొట్టింది. ఒక సైకిలు మీదికి పోబోయింది. మాస్టారి కుడికాలు టకటకా నేలని తన్నింది. ముప్పై రెండేళ్లుగా ఆయన పక్క సీట్లోనే బతికాడు. స్కూలు కారులో ఆయన కాలికింద రెండో బ్రేకు ఉంటుంది. ఇక్కడ ఉన్నది రేకు.

"అద్దంలో కాదురా, భుజం మీదుగా చూడు! అంతంత తిప్పకు! ఎవడ్రా నీకు నేర్పింది?"

"నువ్వే."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "దిగు" అన్నాడు.

"అదేంటి, నీకు ఇది తప్పడమేగా కావాలి?"

"తప్పడం వేరు, ఇంత దరిద్రంగా తోలడం వేరు. దిగరా!"

ఎడంచెయ్యి సీటు వెనక్కి వేసి, మెడ పూర్తిగా తిప్పి, మాస్టారు రెండో గేరు వేశాడు. కారు గీత గీసినట్టు పోయింది. ఎదురుగా వస్తున్న బస్సు డ్రైవరు ఇది తప్పుదారిన తన మీదికే వస్తోందనుకుని బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్లంతా ముందున్నవాళ్ల ఒళ్లో కూలబడ్డారు. మాస్టారు పట్టించుకోలేదు. ఇలాంటి తోలుడు మళ్లీ ఎవడికీ చేతకాదని ఆయనకి తెలుసు.

పెద్ద రోడ్డు ఎక్కేచోట ఆయన స్కూలు కారే ఆగి ఉంది. ఆ రోజే లైసెన్సు పరీక్ష ఉన్న ఒక శిష్యురాలిని అసిస్టెంటు తీసుకెళ్తున్నాడు. గురువుగారు వెనక్కి తోలుకుంటూ పోవడం ఇద్దరూ చూశారు.

"మాస్టారు ఊరికే అలా తోలరు. ఇవాళ రూలేదో మారింది. బండి తిప్పి రివర్సు వెయ్యమ్మా" అన్నాడు అసిస్టెంటు.

వాళ్ల వెనక పోటీ స్కూలు కార్లు రెండున్నాయి. వీళ్లకి ముందే కబురందిందని మండిపడి, అవీ తిరిగాయి.

మాస్టారి చూపు పోయే దారి మీదే ఉంది. ఇదంతా కనిపించింది కొడుక్కే.

"నాన్నా, ఒక్కసారి ఇటు చూడు."

"ఇటు చూస్తే బండి ఎవడు తోలతాడు, మీ తాతా?"

పదకొండుకి నాలుగు నిమిషాలుందనగా ఎర్రకారు ఆఫీసు ఆవరణలోకి వెళ్లి గీతలో ఆగింది. ఇన్‌స్పెక్టరు దీపాలు చూశాడు, హారను నొక్కాడు, బ్రేకు చూశాడు. ముందుకి పదిగజాలు, వెనక్కి పదిగజాలు పోనిమ్మన్నాడు. పోయింది. ముందుకి ఎన్ని గేర్లని అడిగే గడి ఆ కాగితంలో లేదు. ముద్ర పడింది. కొడుకు కాగితాన్ని పసిబిడ్డలా పొదివి పట్టుకున్నాడు.

అప్పుడు వచ్చాయి మిగతా మూడూ, వెనక్కి. మొదటిది గేటు స్తంభాన్ని కొట్టి ఆగింది. రెండోది మొదటిదాన్ని, మూడోది రెండోదాన్ని.

"ఎవరయ్యా మీకిలా తోలమని చెప్పింది?" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"మా మాస్టారే సార్!" అన్నాడు అసిస్టెంటు, బహుమతి అందుకోబోతున్నవాడిలా. "ఆయన్ని చూసే!"

ఇన్‌స్పెక్టరు మాస్టారిని గదిలోకి పిలిచాడు. పెద్దాయనే కదా, నాలుగు చీవాట్లు వేసి పంపేద్దామనుకున్నాడు. కానీ నలభై నిమిషాలు వెనక్కి తిరిగిన మెడ వెనక్కే ఉండిపోయింది.

"ఇటు చూసి మాట్లాడండి."

"చూస్తున్నానండి" అన్నాడు మాస్టారు, గోడ గడియారంతో.

"నేను మాట్లాడుతుంటే మొహం తిప్పుకుంటారా?"

"సార్, ఆయన మెడ..." అని కొడుకు అందుకోబోయాడు.

"ఎంత పొగరో కనిపిస్తూనే ఉందిలే."

మాస్టారి లైసెన్సు ఆరునెలలు రద్దయింది. మాస్టారి దారి పట్టినందుకు అసిస్టెంటుదీ పోయింది. స్కూలుకి తాళం పడకూడదంటే ఇంట్లో లైసెన్సున్నవాడు ఇంకొక్కడే. మర్నాడు కొడుకు ఉతికిన చొక్కా వేసుకుని, పాసైన కారుని షెడ్డులో వదిలేసి, ఏడుపుమొహంతో స్కూలుకి వెళ్లాడు.

మాస్టారు రెండురోజులు వసారాలో కూర్చున్నాడు. తన ఇంట్లో ఒక పళ్లచక్రం తప్పువైపు ఉందన్న ఆలోచన ఆయన్ని నిద్రపోనివ్వలేదు. మూడోనాడు పానా పట్టుకుని కారు కిందికి దూరాడు. బిగుసుకున్న మెడ అక్కడ సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు భోజనానికి రమ్మని భార్య షెడ్డు వైపు అరుస్తుంది. కారు కింది మనిషి మారాడు గానీ, జవాబు పాతదే: "ఒక్క నట్టు, వస్తున్నా."