కూర్మారావు కూతకి వన్స్‌మోర్

ఒక పెద్ద అడవిలో, వానాకాలానికి గింజలు దాచుకోవడానికి అందరికీ కలిపి ఒక కొండగుహ ఉండేది. లోపల వరసగా రాతి అరలు, అరకో మూత, మూతకో తీగ. గుమ్మం దగ్గర కొమ్మ మీద గోరువంక కూర్చునేది. ఎవరి అర కావాలంటే వాళ్లొచ్చి తమ రహస్య కూత కూస్తే, గోరువంక ఆ తీగ లాగేది, మూత లేచేది.

వచ్చినవాళ్ల మొహం మాత్రం అది చూసేది కాదు.

"నా ఉద్యోగం వినడం," అనేది. "చూడమని ఉత్తర్వులో లేదు."

ఏర్పాటు బాగానే ఉంది. కూతలే బాగాలేవు. కుందేళ్లన్నిటి రహస్య కూతా 'కుందేలు'. వాటిలో మరీ జాగ్రత్తపరురాలు ఒకతె 'కుందేలు ఒకటి' అని పెట్టుకుంది. అడవిపంది మర్చిపోతానేమోనని తన కూత అర మూత మీదే కోరతో గీసి పెట్టుకుంది. ఏనుగు తన పాత ప్రియురాలి పేరు పెట్టుకుంది. ఆ సంగతి వాళ్లావిడకి తప్ప అడవంతటికీ తెలుసు.

ఎండాకాలంలో ఒకరోజు ఇరవై కుందేళ్ల అరలు ఒకేసారి ఖాళీ అయ్యాయి. సింహం సభ పెట్టింది. సభ ఒక శాఖ పెట్టింది. శాఖ అన్నాక అధికారి ఉండాలి కాబట్టి తాబేలు కూర్మారావుని రహస్య కూతల అవగాహన అధికారిగా వేశారు.

ఆయన అర్హతల్లా, పుట్టి నూరేళ్లయినా ఆయనింట్లో దొంగలు పడలేదు. ఇల్లు వీపు మీద మోసుకు తిరిగేవాడింట్లో ఎవడు పడతాడని సభలో ఎవరూ అడగలేదు.

"చూడు కూర్మారావ్," అంది సింహం. "ముసురు పట్టేలోపు ఇంకొక్క అర ఖాళీ అయిందా, నీ కుర్చీ ఉండదు."

తాబేలుకి కుర్చీ దేనికంటారా? కూర్చోవడానికి కాదు, ఉందని చెప్పుకోవడానికి. మడుగులో మిగతా తాబేళ్లు పొద్దున లేస్తే ఆ కుర్చీ మొహమే చూడాలి. అలాంటి చోట వేయించుకున్నాడు దాన్ని. అది పోవడమంటే ఆయనకి డొప్ప పోయినట్టే.

అందుకని గట్టిగా కూర్చుని నిబంధనలు రాశాడు. కూతలో ఒక పెద్ద అరుపు, ఒక సన్నని కిచకిచ, ఒక బుస, మధ్యలో ఎక్కడో ఒక్క తుమ్మైనా ఉండాలి. సొంత పేరు, పెళ్లాం పేరు, పుట్టిన చెట్టు పేరు కూడదు. మూత మీద రాయకూడదు. ఎవరు అడిగినా చెప్పకూడదు.

నిజానికి అన్నీ మంచి మాటలే. ఈ నాలుగు ముక్కలూ చెప్పి జనాన్ని ఇంటికి పంపేస్తే అడవి బాగుపడేది. కానీ నాలుగు ముక్కలకి కుర్చీ ఎవరిస్తారు?

కాబట్టి తరగతి పొద్దు పొడుపుతో మొదలై పొద్దుగూకేదాకా సాగేది. "సృష్ట్యాదిలో శబ్దం పుట్టింది," అని ఎత్తుకునేవాడు కూర్మారావు. మాట మాటకీ మధ్య ఒక చీమ ఆయన ముందున్న రాయి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వెళ్లేది. మధ్యాహ్నానికి కూడా శబ్దం ఇంకా పుడుతూనే ఉండేది. సాయంత్రం, "ఎవరేమడిగినా ఇదుగో ఇలా," అని తల డొప్పలోకి లాక్కుని చూపించి ముగించేవాడు. చప్పట్లు కొట్టడానికి ఎవరో ఒకరు మిగతావాళ్లని లేపాల్సి వచ్చేది.

ఉపన్యాసాలిచ్చేవాళ్లకి ఒక జబ్బుంది, కథలు చెప్పేవాళ్లకి మరీనూ. ఎదుటివాడు కళ్లు మూసుకుంటే లీనమైపోయాడనుకుంటారు.

కూత బలహీనంగా ఉన్నవాళ్లకి ప్రత్యేక తరగతి పెట్టాడు. మూడు రోజులు, ఎండలో, బండ మీద.

"దొంగ పడితే ఒక్కపూటలో పోతాడు," అంది అడవిపంది. "ఈయన పడితే మూడు రోజులు."

ఒకసారి తరగతికి నక్క కూడా వచ్చింది. గుహలో అరే లేని నక్కకి అవగాహన దేనికని ఎవరూ అడగలేదు, అందరూ నిద్రలో ఉన్నారు. ఆ రోజు మొత్తం మెలకువగా విన్నది అదొక్కటే. నిబంధనలు విన్నది, జనం మొహాలూ చూసింది. రెండోదే దానికి ఎక్కువ పనికొచ్చింది.

వారం తిరక్కుండా నక్క ఉడత చారలమ్మ చెట్టు కిందికి వెళ్లింది. చారలమ్మకి ముగ్గురు పిల్లలు. వేసవంతా ఒక్కర్తే తిరిగి ఇప్పగింజలూ సారపప్పూ ఏరి అర నింపుకుంది.

"చారలమ్మంటే నువ్వేనా అక్కా?"

"నేనే. నువ్వు నక్కవి కదూ?"

"ఇంటి దగ్గర నక్కని. డ్యూటీలో శాఖ తాలూకు."

మెడలో బెరడు ముక్క వేలాడుతోంది. దాని మీద తాబేలు పాదముద్ర. మడుగు గట్టున బురదలో అలాంటి ముద్రలు వెయ్యి దొరుకుతాయి. కానీ బురదలో ఉంటే అది అడుగు, బెరడు మీద ఉంటే అధికారం. చారలమ్మ రెండు కొమ్మలు దిగి వచ్చింది.

"నీ కూతలో తుమ్ము బలహీనంగా ఉందని ఫిర్యాదు. ప్రత్యేక తరగతి జాబితాలో ఏడో పేరు నీదే. గురువారం నుంచి శనివారం దాకా. పిల్లల్ని కూడా తెచ్చుకోవచ్చు."

"పిల్లలేం పాపం చేశారు?" అంది చారలమ్మ.

"అందుకే ముందుగా వచ్చాను. ఇక్కడే ఒకసారి కూసి వినిపించు. బాగుంటే పేరు కొట్టేస్తాను."

"ఎవరు అడిగినా చెప్పొద్దన్నారుగా కూర్మారావు గారు?"

"చెప్పొద్దన్నది ఎవరు, శాఖ. అడుగుతున్నది ఎవరు, శాఖ. నీ చేతిలో గింజ నీ నోట్లో వేసుకుంటే దానం చేసినట్టా? పోనీలే, చెప్పకు. నాదేం పోయింది. ఈసారి ఆయన కొత్తగా ఒక అధ్యాయం కలిపారట. తుమ్ము పుట్టుపూర్వోత్తరాలు."

చారలమ్మ అటు చూసింది, ఇటు చూసింది, కూసేసింది.

నక్క బెరడు మీద గోటితో ఒక గీత గీసింది. "కొట్టేశాను. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు."

ఆ ఒక్క మాటా ఆమె పాటించలేకపోయింది. సాయంత్రానికల్లా అత్తకీ ఆడపడుచుకీ పక్క తొర్ర వాళ్లకీ చెప్పేసింది. మర్నాడు పొద్దున నక్క నిద్ర లేచేసరికి దాని మద్దిచెట్టు ముందు జనం వరసలో నిలబడి ఉన్నారు.

"కాస్త మాకు ముందు చూడు నాయనా, నిలబడలేకపోతున్నాను," అని ఏనుగు వెనక నుంచి తొండం చాపింది.

"మా బావమరిది రాలేకపోయాడు," అంది అడవిపంది. "వాడి కూత నాకు తెలుసు. నాదీ వాడిదీ కలిపి చెప్పేస్తా, ఇద్దరి పేర్లూ కొట్టేయ్."

దూరం నుంచి ఆ వరసని కూర్మారావు చూశాడు. చూసింది పొద్దున, చేరింది సాయంత్రం. అప్పటికి చారలమ్మ ఒక్కతే ఉంది, చుట్టాలని దింపి వెళ్తూ.

"ఏమ్మా, పొద్దున ఏమిటా గుంపు?"

"కూతలు సాధన చేసుకుంటున్నామండీ మేష్టారూ."

కూర్మారావుకి కళ్లు చెమ్మగిల్లాయి. జనం తమంతట తామే బారులు తీరి కూతలు సాధన చేస్తున్నారని రాజుగారికి నివేదిక పంపించాడు. ఆ సంతోషంలో గురువారం ప్రత్యేక తరగతి రద్దు చేశాడు.

"చూశారా," అన్నారు జనం. "నక్క చెప్పిందంటే పనవుతుంది."

ఇక అడవిలో నక్కకి తెలియని కూత ఒక్కటే మిగిలింది.

మడుగు గట్టున నక్క కనబడగానే కూర్మారావు తన పాఠం ప్రకారం తల లోపలికి లాక్కున్నాడు.

"భయపడకండి, నేను సన్మాన సంఘం తరఫున వచ్చాను," అంది నక్క డొప్ప వైపు వంగి.

తల బెత్తెడు బయటికి వచ్చింది.

"శాలువా కప్పుతారు."

ఇంకో బెత్తెడు.

"ఏనుగు చేతుల మీదుగా గజమాల."

మెడ మొత్తం బయటికి వచ్చింది, మాల ఎక్కడిదాకా దిగుతుందో చూసుకుంటున్నట్టు అటూ ఇటూ తిరిగింది.

"కానీ ఒక చిక్కొచ్చి పడింది," అంది నక్క. "ఒక కొంగ వచ్చి, అసలు అవగాహనంతా నాదే, కూర్మారావు నా దగ్గర నేర్చుకున్నాడంటోంది. శాలువాకి కొలతలు కూడా ఇచ్చిపోయింది."

"ఏ కొంగ?"

"పేరెందుకు లెండి. రాజుగారన్నారు కదా, అసలైనవాడి కూత వింటే తెలిసిపోతుంది, అలాంటిది ఇంకొకరు కట్టలేరని. మధ్యాహ్నంలోపు తేలకపోతే శాలువా కొంగకి వెళ్లిపోతుంది. తమరి దయ."

కూర్మారావు కూత తొమ్మిది ముక్కలు. రెండు నెలలు కష్టపడి కట్టాడు. రెండు అరుపులు, మూడు కిచకిచలు, ఒక పొడుగు బుస, దాని వెంటే తుమ్ము, ఆపైన కాస్త నిశ్శబ్దం, చివర్న ఇంకో తుమ్ము. ఇంత పని చేసి ఇన్నాళ్లూ ఒక్కరికి వినిపించలేదు. పద్యం రాసినవాడిని చదవొద్దంటే వాడి పొట్ట ఎలా ఉబ్బుతుందో ఊహించుకోండి. డొప్ప ఉంది కాబట్టి ఆయనది పైకి కనబడలేదు.

కూశాడు.

నక్క కళ్లు మూసుకుని విన్నది.

"ఆ బుస మీద తుమ్ము వేశారు చూడండి," అంది చివరికి. "వన్స్‌మోర్."

కూర్మారావు సర్వీసులో ఆయన్ని ఏదైనా ఇంకోసారి చెప్పమన్నవాళ్లు లేరు. ఇంకోసారి కూశాడు, నెమ్మదిగా, బుస దగ్గర గొంతు ఎలా బిగించాలో చూపిస్తూ.

నాలుగో రోజున ముసురు పట్టింది. జనం బుట్టలు పట్టుకుని గుహకి వచ్చారు. కూతలు కూశారు. మూతలు లేచాయి. లోపల గాలి తప్ప ఏమీ లేదు.

"మొన్ననే పట్టుకెళ్లారు కదా," అంది గోరువంక. "అందరూ మీ మీ కూతలే కూశారు. గొంతు కాస్త ఒకేలా ఉందనిపించింది. కానీ గొంతు గురించి ఉత్తర్వులో లేదు."

నక్క గింజలు తినదు. గింజలు అవతలి అడవి పందికొక్కులకి పోయాయి, బలిసిన పందికొక్కులు నక్కకి పోతున్నాయి. ఈ లెక్క తేలేసరికి అది సరిహద్దు దాటేసింది.

సింహం గుహలోనే సభ పెట్టింది. "నక్కకి కూత చెప్పినవాళ్లు ముందుకి రండి. వాళ్లకి ప్రత్యేక తరగతి."

ఒక్క కాలు కదల్లేదు.

"నేను చెప్పలేదు," అంది ఏనుగు. "మా ఆవిడ నోరు జారి ఉంటుంది."

"ఆవిడకి తెలీదుగా," అంది వెనక నుంచి ఎవరో. ఏనుగు చెవులు విసరడం మానేసింది.

కాసేపటికి చారలమ్మ పిల్లల్ని వెనక్కి నెట్టి ముందుకొచ్చింది. "నేను చెప్పాను రాజా. పిల్లలకి ఈ పూట పెట్టడానికే లేదు, ఇంక దాచుకోవడానికేముంది?"

"ఎందుకు చెప్పావు?"

"తరగతి తప్పించుకుందామని."

కూర్మారావు గొంతు సవరించుకున్నాడు. "చారలమ్మా, నీకు ఎన్నిసార్లు చెప్పాను..."

"మడుగు వైపు అర కూడా ఖాళీయే రాజా," అంది గోరువంక. "కూర్మారావు గారిది. కూత పొడుగు కదా, నక్క చివరి తుమ్ము మర్చిపోయింది. పాపం చాలాసేపు తంటాలు పడింది, నేనే అందించాను."

గుహంతా తాబేలు వైపు తిరిగింది. తల లోపలికి వెళ్లిపోయింది.

లోపల చీకటిగా ఉంది. కొంగ మీద పెట్టేయొచ్చు, గోరువంక అబద్ధం చెబుతోందనొచ్చు. కుర్చీ మడుగు గట్టున తడుస్తూ ఉండి ఉంటుంది. బయట చారలమ్మ చిన్నపిల్ల ఆకలని సన్నగా ఏడుస్తోంది.

తల బయటికి వచ్చింది. ఈసారి మాల కోసం కాదు.

"నేనూ చెప్పాను," అన్నాడు కూర్మారావు. "శాలువా ఇస్తానంది. వన్స్‌మోర్ అంది. రెండోసారి నెమ్మదిగా చెప్పాను."

ఆయన మాట్లాడుతుండగా ఎవరూ నిద్రపోకపోవడం అదే మొదలు.

"నేను మా బావమరిదిది కూడా చెప్పాను," అంది అడవిపంది. బావమరిది అప్పుడే విన్నాడు. ఆ తర్వాత కుందేళ్లు చెప్పాయి, ఏనుగు చెప్పింది. నక్క ఒకరికి భయం చూపించింది, ఒకరిని తొందరపెట్టింది, ఒకరిని పొగిడింది, చివరికి అందరినీ అడిగింది మాత్రం కూతే. పొద్దు గూకకముందే ఉడత పిల్లలు దాన్నో ఆట చేసుకున్నాయి. ఒకటి మెడలో ఆకు వేసుకుని కూత అడగడం, మిగతా రెండూ "నక్క, నక్క" అని తరమడం.

సింహం మంత్రి ఎలుగుబంటి వైపు వంగింది. "జనానికి ఇదంతా తెలియడానికి ఎంతసేపు పట్టింది?"

"అర గడియ రాజా."

"అర గడియలో అయ్యేది శిక్షణా?" అంది సింహం. "కుర్చీ తీయించు."

కుర్చీ అడవిదున్నకి వెళ్లింది. దున్న తొమ్మిది రోజుల తరగతి, చివర పరీక్ష, పాసైనవాళ్లకి ఆకు మీద ముద్ర అని ప్రకటించింది. అడవి ఆ వానాకాలం దుంపలు తవ్వుకుని తింటూ, ఉన్నవాళ్లు లేనివాళ్లకి విదిలిస్తూ, మధ్యమధ్యలో అవగాహన పెంచుకుంటూ గడిపింది. చారలమ్మ పిల్లలు చిక్కిపోయారు గానీ బతికారు.

రెండో రోజు తరగతిలో కూర్మారావు కూడా జనంలో కూర్చున్నాడు. దున్న ఆయన కాగితాలే పట్టుకుని, "సృష్ట్యాదిలో శబ్దం పుట్టింది," అని మళ్లీ మొదటికొచ్చింది. అది ఎంత పొడుగో ఆయనకి మొదటిసారి తెలిసింది.

సరిహద్దు ఇవతల మద్దిచెట్టు కింద ఎవరో బెరడు ముక్క వేసుకుని కూర్చున్నారని పొద్దున్నుంచీ గుసగుసలు. ముందు వరసలు పలచబడుతున్నాయి.

"చారలమ్మా," అన్నాడు కూర్మారావు లోగొంతుకతో. "మద్దిచెట్టు ఇక్కడికి ఎంత దూరమమ్మా?"

"మీ నడకకి రెండు రోజులండీ మేష్టారూ."

కూర్మారావు ఎదురుగా ఇంకా ఏడు రోజుల తరగతిని చూశాడు.

"అయితే ఇప్పుడే బయల్దేరతాను," అన్నాడు.

నీతి: కాపలావాడి పాఠం దొంగకన్నా భయంకరమైనచోట, జనం దొంగకే వరసలో నిలబడి మరీ తలుపు తీస్తారు.