స్వచ్ఛారణ్య సంఘం వారి కుండా, అంగీ

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ కొసన కురిసిన వాన ఆ కొసకు కబురుగా మాత్రమే చేరేటంత పెద్ద అడవిలో, వక్రదంతుడనే అడవిపంది ఉండేవాడు. అతని కోరలను చూసి దుప్పులు దారి ఇచ్చేవి. అతని గురక విని కుందేళ్లు నిద్ర మానుకొనేవి. అంతటి ధీరుడు ఒకనాటి ఉదయం అడవి అంచున ఉన్న వేరుసెనగ చేనిలో దిష్టిబొమ్మను చూసి మూర్ఛపోయాడు.

అది రైతు నిలబెట్టిన మామూలు బొమ్మ. అడ్డకర్రకు తొడిగిన తెల్లని పాత అంగీ, తల ఉండవలసిన చోట బోర్లించిన నల్లకుండ, దాని మీద సున్నంతో దిద్దిన కళ్లు. అంగీ జేబు చిరిగిపోయింది. ఎడమ భుజం మీద కాకి రెట్టలు వేసింది.

ఇంటికి చేరిన వక్రదంతుణ్ణి భార్య ఘోణవతి ఎగాదిగా చూసింది.

"ఏమండీ, తోక అట్లా ఆడుతున్నదేమి?"

"ఆలోచిస్తున్నాను."

"తోకతోనా?"

ఆ పూట వక్రదంతుడు దుంపలు ముట్టలేదు. ఈ సంగతి పొక్కితే మందకు పెద్దగా ఉన్న తన పరువు ఏమవుతుంది? గుడ్డకూ కుండకూ జడిసినవాణ్ణి పందిపిల్లలు సైతం లెక్కచేయవు. చాలాసేపు బెంగపడిన మీదట అతనికి ఒక ఉపాయం తట్టింది. తనంతటివాణ్ణి పడగొట్టిన వేషాన్ని తానే వేసుకొంటే? ఇక ఆ వేషంతో ఎవరిని భయపెట్టాలో వెదకుకోవడమే మిగిలింది.

తాబేళ్లు దొరికాయి. వేసవిలోనూ ఎండని మడుగు అడవిలో ఒక్కటే. అక్కడ ఎన్ని తరాలుగానో తాబేళ్లు కాపురముంటున్నాయి.

వక్రదంతుడు పందులనూ నక్కలనూ దుమ్ములగొండ్లనూ సమావేశపరిచాడు.

"సోదరులారా! ఇంటిని వీపున మోసుకొని తిరిగేవారికి ఈ అడవి మీద మమకారం ఎట్లా ఉంటుంది? వాళ్లు ఏ క్షణంలోనైనా తరలిపోగలరు!"

"తాబేళ్లా? ఆ గట్టు దిగేసరికే వాటికి సాయంత్రమవుతుంది గదా" అన్నాడు ఒక నక్క.

"అదే వాళ్ల కపటం!"

సభ మండిపడింది. స్వచ్ఛారణ్య సంఘం అప్పటికప్పుడు వెలసింది. అడవిలో కాస్త చదువుకొన్నవాడని పేరున్న శ్యామముఖుడనే కొండముచ్చు దానికి కార్యదర్శి అయ్యాడు. రేవులో ఆరవేసిన అంగీలనూ, కుమ్మరి పారవేసిన కుండలనూ కొండముచ్చులే ఎత్తుకొచ్చాయి. దుస్తులు ఎట్లా ఉండాలో వక్రదంతుడు ఒక్క వివరమూ వదలక చెప్పాడు. మరచిపోగలిగితే గదా! మన తాతముత్తాతలు యుద్ధాలలో ధరించినవి ఇవేనన్నాడు. చేనికి వెళ్లేపాటి ధైర్యం తక్కినవారికి లేదు గనుక అందరూ నమ్మారు.

"తెలుపు దేనికి గుర్తండీ?" అని నక్క అడిగాడు.

"స్వచ్ఛతకు" అన్నాడు శ్యామముఖుడు.

"నల్లకుండ?"

"అది లోతైన స్వచ్ఛత."

"జేబు చిరిగిపోయిందేమి?"

"త్యాగం."

"మరి భుజం మీద ఈ మచ్చలు?"

శ్యామముఖుడు చేతులు జోడించి కళ్లు మూసుకొన్నాడు. "అవి మన పూర్వీకుల కన్నీళ్లు."

సభ యావత్తూ ముక్కు చీదుకొన్నది.

అటుపైన ఉత్సాహానికి పట్టపగ్గాలు లేవు. నీటుగా కనబడాలని జేబు కుట్టించుకొని వచ్చిన దుమ్ములగొండిని ద్రోహి అన్నారు. కన్నీళ్లు కుడి భుజం మీద దిద్దుకొన్నవారితో ఎడమ భుజం వారు మాటలు మానేశారు. ఇది చూసి వక్రదంతుడు నియమాలు ప్రకటించాడు: "కుండయు అంగీయు లేనివాడు సంఘీయుడు కాడు. నాయకుడు ఎటు సాగిన అటే, ఎంత వేగమున సాగిన అంత వేగముననే అనుచరులు సాగవలెను."

అతనికి ఒక్కటే జాగ్రత్త. తన వేషాన్ని లోపలినుండి చూస్తే భయం లేదు. ఇతరులు వేసుకొంటే మాత్రం చూడలేడు. అందువల్ల వాళ్లు తొడుక్కొనేటప్పుడు అటు తిరిగి నిలబడేవాడు. "మన నాయకుడు వెనుకచూపు లేనివాడు!" అని వాళ్లు పొంగిపోయారు.

ఒక ఉదయం తాబేళ్లను వెళ్లగొట్టడానికి ఊరేగింపు మడుగుకు బయలుదేరింది. ముందు వక్రదంతుడు, వెనుక తక్కినవారు. కుండలకు పెట్టిన కన్నాలలోనుండి ముందువాని తోక తప్ప ఎవరికీ మరేమీ కనబడదు.

గట్టు మీద ఎండ కాచుకొంటున్న కమఠవ్వ మెడ సాచి చూసింది. తాబేళ్లన్నిటికీ పెద్దది. చేను ఎట్లా ఉంటుందో ఎరగదు.

"ఎవరు నాయనా? కుండలు తెచ్చుకొన్నారు, నీళ్లకు వచ్చి ఉంటారు. ముంచుకోండి, దానికేమి!"

"నీళ్లకు రాలేదు! భయపడండి!"

"ఎందుకు నాయనా?"

"మా దుస్తులను చూసి!"

"జేబు చిరిగిందనా? విప్పి ఇటు ఇవ్వు, కుట్టిస్తాను."

పిల్లతాబేళ్లు పకపకా నవ్వి వెల్లకిలా పడిపోయాయి. వక్రదంతునికి ఒళ్లు మండింది. "వీరులారా!" అని గర్జించి, కోపంలో ఒళ్లు మరచి వెనుకకు తిరిగాడు.

చేతులు చాచుకొని, సున్నపు కళ్లతో, వరుసలు వరుసలుగా దిష్టిబొమ్మలు!

వక్రదంతుడు పరుగు లంకించుకొన్నాడు. నియమం ప్రకారం అనుచరులూ పరుగెత్తారు. అతను వేగం పెంచాడు. వాళ్లూ పెంచారు. "రావద్దు! రావద్దు!" అని అతను పెట్టిన కేకలు కుండలో మారుమ్రోగి భోభో అని వినబడ్డాయి. అది యుద్ధనాదమనుకొని వాళ్లూ భోభో అన్నారు. ఇట్లా మడుగు చుట్టూ తిరిగి తిరిగి, చివరకు వక్రదంతుడు మద్దిచెట్టును ఢీకొన్నాడు. కుండ పగిలింది. అంగీ ముళ్లపొదకు తగులుకొని, చేతులు చాచుకొని అక్కడే నిలిచిపోయింది. అతను బురదలో దొర్లుతూ వెళ్లి కమఠవ్వ వెనుక నక్కాడు. ముట్టె మాత్రం దాగింది.

"ఎవరు తరుముతున్నారు నాయనా?"

"మావాళ్లే అవ్వా!"

"అయ్యో పాపం. ఇట్లా లోపలికి జరుగు."

అనుచరులు వచ్చి ఆగారు. శ్యామముఖుడు కుండ పైకెత్తి చూశాడు.

"అయ్యా, తమ దుస్తులేవి?"

"పోయాయి. పోతేనేమి? నేను నేనే గదా!"

"తాము తామేనని మాకూ తెలుసు. కానీ నియమమున్నది. పైగా తమ వీపున బురద పేరుకొని, అచ్చం తాబేటి డిప్పవలె..."

"డిప్ప! డిప్ప!" అని సంఘం హోరెత్తింది.

"మరి మన నాయకుడెవరు?" అన్నాడు నక్క.

అందరూ ముళ్లపొద వైపు చూశారు. నక్క భక్తితో తన కుండ తీసి పొద మీద బోర్లించాడు. కుండ లేనివాడైనందుకు అతణ్ణి అక్కడికక్కడే వెలివేశారు.

"ఎంత నిబ్బరం! ఎంత మితభాషి!" అని శ్యామముఖుడు కన్నీరు పెట్టుకొన్నాడు. జయజయధ్వానాలు చెలరేగాయి.

కొత్త నాయకుడు అడుగు కదపలేదు. నియమం ప్రకారం అనుచరులూ కదపలేదు. మడుగు తాబేళ్లకే మిగిలింది. వక్రదంతుని జోలికి ఎవరూ పోలేదు.

కబురు తెలిసి ఘోణవతి పిల్లలతో వచ్చింది. కమఠవ్వ చూపిన చోట హాయిగా పొర్లి, భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, బురద కావాలంటే అడిగితే ఇచ్చేవారు గదా!"

నీతి: వేషమును చూచి నాయకుని ఎన్నుకొనువారు, దానిలోపల ఎవరును లేరని ముందుగా రూఢి చేసికొనవలెను.