తిరువూరుకు మంజూరైన సముద్రం

1974వ సంవత్సరం వేసవిలో తిరువూరుకు సముద్రం మంజూరైంది. ఊళ్ళోవాళ్ళకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది గాని, కాగితాల మీద ఏప్రిల్ నెలాఖరుకే ఖరారైపోయింది. అంతకుముందు సముద్రం చూడాలంటే తిరువూరు వాళ్ళు తెల్లవారుజామున బస్సెక్కి, బెజవాడలో ఇంకో బస్సు పట్టుకుని, భోజనాల వేళకు బందరు చేరేవారు. ఉప్పునీళ్ళలో కాళ్ళు తడుపుకుని, మళ్ళీ అంత దూరమూ వెనక్కి వచ్చి, "ఏముందండీ, అన్నీ నీళ్ళే" అని చెప్పేవారు.

అలాంటి ఊరినే సముద్ర వైద్య పరిశోధనకు ఎంచుకోవడంలోని దూరదృష్టి సామాన్య పాఠకులకు అందకపోవచ్చు. కోస్తాలో ఒకచోట సముద్రౌషధ పరిశోధన సంస్థ అని ఒకటి వెలిసింది. సముద్రపు నాచు నుంచి తీసిన కషాయం కీళ్ళనొప్పులకు పనిచేస్తుందో లేదో తేల్చాలని వారి సంకల్పం. అందుకు సముద్రంతో ఏ బాంధవ్యమూ లేని రోగులు కావాలని వారి నియమావళి మూడో పేజీలో ఉంది. ఎర్రనేలలో పుట్టి, మామిడితోటల్లో పెరిగి, కట్టలేరు పొంగితేనే కంగారుపడే తిరువూరు ప్రాంతం వాళ్ళకు ఈ అర్హత పుట్టుకతోనే వచ్చింది.

పరిశోధకుడిగా ఊరి ధర్మాసుపత్రి డాక్టరు ఆదిశేషయ్యను నియమించారు. పదకొండేళ్ళుగా ఆయన గంటకు అరవైమంది రోగులను చూస్తున్నాడు. రోగి బల్ల మీద కూర్చునేలోపే చీటీ రాసి చేతిలో పెట్టేవాడు. డాక్టరుగారి చెయ్యి మహా చురుకని ఊరంతా మెచ్చుకునేది. ఇన్నేళ్ళు ఒకే కుర్చీలో కూర్చోవడం వల్ల ఆయనకు నడుం నొప్పి పట్టుకుంది గాని, డాక్టరుకు కూడా నొప్పి వస్తుందన్న అనుమానం ఎవరికీ రాలేదు కనుక ఎవరూ అడగలేదు.

ఆదిశేషయ్యకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ఒక పరిశోధన పత్రికలో తన పేరు అచ్చులో చూసుకోవాలి. తాను పుట్టు శాస్త్రవేత్తనని ఆయన నమ్మకం. దానికి ఆధారాలు అంతంత మాత్రమేనని ఆయనకూ తెలుసు. చదువుకునే రోజుల్లో ఒకసారి కప్పను శుభ్రంగా కోసినందుకు ప్రొఫెసరు భుజం తట్టాడు, అంతే. అయినా నెలనెలా వచ్చే వైద్య పత్రికలో ముందు వ్యాసకర్తల పేర్లు వెతికేవాడు, పరీక్ష రాయకుండానే పేపర్లో నంబరు వెతుక్కునే వాడిలాగా. సముద్రాన్ని ఆయన జన్మలో చూడలేదు. ఆ మాట సంస్థవారు అడగలేదు, ఈయన చెప్పలేదు.

పరిశోధన పద్ధతి ఇది. నొప్పులున్నవాళ్ళు వందమంది. ఎ వరసలో యాభై, బి వరసలో యాభై. నెలనెలా రెండు క్యాన్లు వస్తాయి. ఒకదానిలో నాచు కషాయం, రెండోదానిలో రంగునీళ్ళు. ఏది ఏదో రోగికీ, డాక్టరుకూ, కాంపౌండరుకూ తెలియకూడదు. ఆ రహస్యాన్ని సంస్థ డైరెక్టరు జగన్నాథరావుగారు లక్క ముద్ర వేసిన కవరులో భద్రపరిచారు. ఒలికిన ప్రతి చుక్కకూ సంజాయిషీ ఇచ్చుకోవలెనని మాత్రం ఎర్రసిరాతో రాయించారు.

రహస్యం మొదటిరోజు మూత తీసేదాకా నిలిచింది. బి క్యాను మూత తియ్యగానే ఆస్పత్రి ఆవరణ అంతా బందరు చేపల సంతలాగా గుప్పుమంది. ఎ క్యాను మూత తీస్తే ఏమీ రాలేదు. మన ప్రాంతంలో మందన్నది చేదుగా ఉండాలి, లేదా కంపు కొట్టాలి. రెండూ లేనిదాన్ని ఎవరూ మందు కింద జమకట్టరు. సీసాలు పట్టుకుని నిలబడ్డ ఎ వరసలో కలకలం బయలుదేరింది.

"ఏం బాషా, కంపు మందు వాళ్ళకీ, మంచినీళ్ళు మాకూనా? మేమేం పాపం చేశామయ్యా?" అని కాంపౌండరును అడిగింది హనుమాయమ్మ.

ఈమె పెనుగొలను నుంచి బస్సులో వచ్చింది. అరవయ్యేళ్ళు దాటాయి. రెండేళ్ళుగా మోకాళ్ళు వంగడం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క గేదె ఈమె చెయ్యి పడితే తప్ప చేపదు. గొంతుక్కూర్చుని పితకడం ఈమె వల్ల కావడం లేదు. కోడలు కూర్చుంటే గేదె తంతున్నది. పూట పూటా గిన్నె ఖాళీగా ఇంట్లోకి వస్తుంటే తాను ఆ ఇంటికి దండగ మనిషినైపోయానని హనుమాయమ్మకు దిగులు పట్టుకుంది. సముద్రమైనా సరే, చెరువైనా సరే, మోకాళ్ళు వంగితే చాలునని ఆమె వచ్చి వరసలో నిలబడింది.

కాంపౌండరు జానీబాషా ఇరవయ్యేళ్ళుగా ఆ కిటికీ వెనకాల నిలబడి, ఎవరి సీసాలో వాళ్ళకు మందు పోసి, మోతాదుల కాగితం కత్తిరించి అంటిస్తున్న మనిషి. "శాస్త్రం అమ్మా, మనకు తెలీదు" అని ఆ రోజుకు సర్దిచెప్పాడు. వారం తిరగకుండా గొడవ దానంతటదే సద్దుమణిగింది. "రోగులకు వాసన అలవాటైనది" అని ఆదిశేషయ్య రిజిస్టరులో నమోదు చేశాడు. ఇది ఆయన మొదటి శాస్త్రీయ పరిశీలన.

అసలు శ్రమ రిజిస్టరు దగ్గర మొదలైంది. ప్రతి రోగినీ వారానికొకసారి, పావుగంటకు తక్కువ కాకుండా కూర్చోబెట్టి, ఇరవయ్యొక్క ప్రశ్నలు అడగాలి. నొప్పి ఉన్నచోట స్వయంగా చేత్తో తాకి చూడాలి. నిద్ర పడుతోందా, ఏం తింటున్నారు, ఇంట్లో ఎవరెవరున్నారు, మనసులో ఏమైనా బాధ ఉందా, అన్నీ రాయాలి. రోజుకు ఇరవైమంది చొప్పున, మధ్యాహ్నం కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు తేలేది. శాస్త్రం కోసం ఆదిశేషయ్య ఇంత కష్టానికీ సిద్ధపడ్డాడు. మనుషుల కోసమైతే పదకొండేళ్ళలో ఒక్కరోజూ సిద్ధపడలేదన్న సంగతి ఆయనకు అప్పుడు తోచలేదు.

"రోగి సముద్రమును ఎన్నిమార్లు చూచెను?" అన్నది పంతొమ్మిదో ప్రశ్న.

"సముద్రం దాకా ఎందుకు బాబూ, కట్టలేరు దాకానే నడవలేకపోతున్నా" అంది హనుమాయమ్మ. "సున్న" అని రాసుకున్నాడు.

ఆమెది ప్రతి మంగళవారం. రెండో మంగళవారం గేదె గురించి చెప్పింది. మూడో మంగళవారం కోడలి గురించి చెప్పింది. నాలుగో మంగళవారం చెప్పడం ఆపి ఆయన వంక చూసింది.

"మీరు కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంటున్నారేం బాబూ? నడుమా?"

"ఆ, కొంచెం పట్టేసిందమ్మా."

"నువ్వులనూనెలో వాము కాచి రాయించుకోండి. నిర్లక్ష్యం చెయ్యబాకండి."

ఈ సంభాషణకు రిజిస్టరులో గడి లేదు కనుక ఆదిశేషయ్య దాన్ని నమోదు చేయలేదు.

ఆరు నెలలకు లెక్క తేలింది. బి వరసలో యాభైమందిలో నలభైరెండు మందికి నొప్పులు తగ్గాయి. ఎ వరసలో నలభైయొక్క మందికి తగ్గాయి. హనుమాయమ్మ రెండు పూటలా గొంతుక్కూర్చుని పాలు పితుకుతోంది. ఒక రోజు చెంబు నిండా పాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. దీనికి తోడు ఇరు వరసల వారికీ ఆకలి పెరిగి, కడుపుబ్బరం మాయమైందని కూడా రిజిస్టరులో కనబడింది.

ఎనభైముగ్గురు లేచి నడుస్తుంటే డాక్టరు మాత్రం నీరుగారిపోయాడు. మందు తాగినవాళ్ళకూ, రంగునీళ్ళు తాగినవాళ్ళకూ ఒకేలా తగ్గిందంటే శాస్త్రం ప్రకారం మందులో పస లేదన్నమాట. ఊరి జనం బాగుపడి తన పేరు అచ్చుకాకుండా అడ్డం పడ్డారని ఆయనకు కష్టం కలిగింది. అయినా ఉన్న అంకెలు ఉన్నట్టే రాసి పంపాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఆయన చేసిన నిజాయితీ పని అదొక్కటే కాబట్టి పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి.

పది రోజుల్లో డైరెక్టరుగారి దగ్గర్నుంచి అభినందనలు, సన్మానసభ ఆహ్వానపత్రమూ కలిసి వచ్చాయి.

ఆహ్వానపత్రం చూసి జానీబాషా తలుపు దగ్గరగా వేసి వచ్చి నిలబడ్డాడు.

"సార్, మీకొక మాట చెప్పాలి. ఆ కంపు మందు మూడో రోజే ఎండకి పొంగి, మూత ఎగిరిపోయి సగం ఒలికింది. ఎర్రసిరా చూసి భయమేసి, మిగిలింది వెనక గోతిలో పోసి మట్టి కప్పేశా."

"మరి ఈ ఆరు నెలలూ ఏం పోశావు?"

"మన ఎర్రమందే సార్, కడుపుబ్బరానికి ఇచ్చేది. రెండు క్యాన్లలోనూ అదే. నెలనెలా వచ్చినవి వచ్చినట్టే గోతిలోకి పోయాయి. అందరికీ ఒకటే అయ్యేసరికి వరసలో గొడవ కూడా ఆగిపోయింది. ఆ గోతి పక్కన బొప్పాయి చెట్టు చచ్చిపోయింది సార్."

ఆదిశేషయ్య రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. నాచు ఎవరూ తాగలేదు. ఎర్రమందుకు మోకాళ్ళతో సంబంధం లేదు. మరి ఎనభైముగ్గురికి దేనివల్ల తగ్గింది? ఎ వరసకూ బి వరసకూ సమానంగా అందింది ఇంకేముందా అని వెతికాడు. ఆరు నెలలపాటు వారానికి పావుగంట కూర్చోబెట్టి, మోకాలి మీద చెయ్యి వేసి, ఎలా ఉందని అడిగి, చెప్పింది ఆసాంతం విన్నాడు. అంతకుమించి ఏ గడిలోనూ ఏమీ కనబడలేదు. ఆయనకు సంతోషం వేసింది, వెంటనే సిగ్గు వేసింది. పదకొండేళ్ళుగా ఈ మందు తన దగ్గరే ఉండి కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఉన్నదంతా ఒక కాగితం మీద రాసి, సభలో చదవాలని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సభ దివ్యంగా జరిగింది. షామియానా వేశారు. వేదిక మీద నీలం గుడ్డ కట్టి, దాని ముందు ఇసుక పోసి, ఇసుకలో నాలుగు గవ్వలు గుచ్చారు. డైరెక్టరు జగన్నాథరావుగారు గంటసేపు ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా, సముద్రమున్న చోట సముద్రాన్ని ఎవరైనా నిరూపిస్తారు. లేనిచోట నిరూపించడమే విజ్ఞానం. బి వరసవారు మందు సేవించారు, తగ్గింది. ఎ వరసవారు సేవించలేదు, అయినా తగ్గింది. దీనివల్ల ఏమి తేలింది? మన ఔషధం తాగినవారికే కాదు, తాగినవారి పక్కన నిలబడినవారికి సైతం మేలు చేస్తుంది. ఇటువంటి ఔషధం ఏ దేశం దగ్గరైనా ఉన్నదా అని సవినయంగా అడుగుతున్నాను."

లేదని ముందు వరసలో ఎవరో జవాబు చెప్పారు. చప్పట్లు మోగాయి. ఎ వరస వాళ్ళు మరింత గట్టిగా కొట్టారు.

తర్వాత ఆదిశేషయ్య మెడలో దండ వేసి, చేతిలో సంస్థవారి పత్రిక పెట్టారు. ఆయన తెరిచాడు. పేరు ఉంది. జగన్నాథరావుగారి పేరు కింద, ఇంటిపేరుతో సహా, ఒక్క అచ్చుతప్పు లేకుండా ఉంది. మైకు ముందుకు వెళ్ళేటప్పుడు ఆయన ఎడమచెయ్యి జేబు మీదే ఉంది. కుడిచేతిలో పత్రిక ఉంది. జనంలో జానీబాషా తలవంచుకుని నిలబడి ఉన్నాడు.

"చాలా సంతోషం. అంతా సముద్రం దయ" అన్నాడు ఆదిశేషయ్య.

జేబులోని కాగితం చొక్కాతోపాటు చాకిరేవుకు వెళ్ళి ముద్దయి తిరిగొచ్చింది.

విజయం సాధించిన పరిశోధనను విస్తరించడం ఆచారం కనుక రెండో విడతకు ఐదువందల మందిని చేర్చారు. మనిషికి పావుగంట ఇస్తే ఎప్పటికీ తెమలదని, ఇరవయ్యొక్క ప్రశ్నలు తీసేసి "తగ్గినదా? అవును, కాదు" అన్న ఒక్క ప్రశ్న ఉంచారు. తగ్గకపోతే కారణం రాయడానికి పక్కన ఒక గడి ఇచ్చి, దాన్ని ఖాళీగా వదలరాదన్నారు. ఆదిశేషయ్యకు నివేదికలూ, సందర్శకులూ ఎక్కువయ్యారు. చేతికి పాత చురుకు తిరిగొచ్చింది.

"ఈసారి ఏది పొయ్యమంటారు సార్?" అని అడిగాడు జానీబాషా.

"పోస్తున్నదే పొయ్యి."

మూడు నెలల తర్వాత ఒక మంగళవారం హనుమాయమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. మోకాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. గేదె మళ్ళీ కోడల్ని తంతోంది. కూర్చోబోయేలోపే చీటీ ఆమె చేతిలో పడింది. వెనక ఇంకా డెబ్భైమంది ఉన్నారు.

"మందు మార్చారా బాబూ?"

"లేదమ్మా, అదే."

"అదే అయితే అప్పుడు తగ్గి ఇప్పుడు తగ్గదేం?"

జవాబు ఆయనకు తెలుసు. దేశం మొత్తం మీద ఆ జవాబు తెలిసిన డాక్టరు తానొక్కడేనేమోనని కూడా అనిపించింది. కానీ అది చెప్పడానికి పావుగంట పడుతుంది.

"వాడుతూ ఉండండి" అన్నాడు.

హనుమాయమ్మ తలూపి, గోడ పట్టుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"మీ నడుం ఎలా ఉంది బాబూ? వాము నూనె రాయించుకుంటున్నారా?"

"ఫరవాలేదమ్మా."

ఆమె వెళ్ళిపోయింది. పొద్దుటి నుంచీ సలుపుతున్న నడుం నొప్పి కాస్త సడలినట్టు ఆదిశేషయ్యకు తెలిసింది. శాస్త్రవేత్త గనక వెంటనే గమనించాడు. అయితే ఆయన ఎ వరసలోనూ లేడు, బి వరసలోనూ లేడు. అందుచేత దాన్ని ఎక్కడా రాయలేదు.

హనుమాయమ్మ పేరు ఎదురుగా "కాదు" అని రాశాడు. పక్క గడి ఖాళీగా వదలకూడదు. నడుం నిటారుగా పెట్టుకుని కూర్చుని, "రోగి సహకరించలేదు" అని గుండ్రంగా రాసి, తర్వాతి వాళ్ళను పిలిచాడు.