సూర్యుడి మీద కమిటీ

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టగానే మీరు పచ్చటి చెట్లు, సెలయేళ్లు ఊహించుకుంటారు. అంత శ్రమ పడకండి. ఆ అడవిలో ఉన్నదల్లా పొగ. పొద్దున్న లేస్తే పొగ, పడుకోబోతే పొగ. ఎదురుగా వచ్చేది జింకో దున్నో తెలియాలంటే అది దగ్గేదాకా ఆగాలి.

ఆ పొగంతా ఎలుగుబంటి గుబ్బలయ్యది. వాళ్ల తాతగారి రోజుల్లో ఎవరో వేటగాళ్లు వదిలేసిపోయిన నిప్పుని ఆ తాతే ఆరిపోకుండా కాపాడి, గుంటలు తవ్వి, బొగ్గులు రాజేశాడు. "గుడ్ల మీద కూర్చుని కాళ్లు తిమ్మిరెక్కించుకోవడం ఎందుకమ్మా? నా గుంట పక్కన పెట్టి మీ పని మీరు చూసుకోండి" అన్నాడు పిట్టలతో. అప్పుడు పిట్టలన్నీ ఆయన్ని తిట్టిపోశాయి, ఇదేం అరిష్టం అని. తర్వాత అలవాటైపోయింది. మనవడు గుబ్బలయ్య కాలానికి ఏ పిట్టకీ పొదగడమే రాదు. గుడ్డు పెట్టగానే గుంట దగ్గర అప్పజెప్పడం, బదులుగా ఇప్పపువ్వు ఏరి గుబ్బలయ్య బుట్టలో పొయ్యడం.

ఆ గుంటల దగ్గర పుట్టిన పిల్ల మొట్టమొదట కిచకిచమనదు, దగ్గుతుంది. "దగ్గాడు! మావాడు దగ్గాడు!" అని తల్లులు మురిసిపోయేవారు. దగ్గని పిల్లల సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

కౌజుపిట్ట నాంచారమ్మకి రెండు కాన్పులు అలాగే పోయాయి. పొగకి గుడ్లు నల్లబడి, లోపలి పిల్లలు లోపలే పోయారు. మూడోసారి నాలుగు గుడ్లు పెట్టింది. ఈసారి గుంట వైపు పోవడానికి ఆవిడకి కాళ్లు రాలేదు. గుడ్లు పట్టుకుని ఏటి ఒడ్డుకి పోయి కూలబడి ఏడ్చింది.

"ఏంటమ్మా, పొద్దున్నే ఏడుపు?" అన్నాడు తాబేలు కూర్మయ్య, నీళ్లలోంచి తల పైకెత్తి.

సంగతి చెప్పింది. కూర్మయ్యకి సగమే అర్థమైంది. "మా ఇంట్లో ఎవరూ పొదగరమ్మా. ఇదిగో, ఈ నల్ల ఇసకలో పెట్టేసి పోతాం. ఎండ చూసుకుంటుంది" అన్నాడు.

"ఎండా? దానికేం ఇవ్వాలి బాబాయ్?"

"ఎవరికి?"

"ఎండకి."

"ఏమోనమ్మా, ఇంతవరకు అడగలేదు."

నాంచారమ్మ గుడ్లని ఓ నల్లరాయి పక్కన ఇసకలో పెట్టింది. ఎండ మరీ ఎక్కువైతే ఎండుగడ్డి కప్పేది, పొద్దువాలితే రాయికి ఆనించేది. రాయి తెల్లారేదాకా వెచ్చగానే ఉండేది. గోరింకలు చూశాయి, జెముడుకాకులు చూశాయి. "పొగేదీ?" అని అడిగాయి. పొగ లేకుండా వేడి ఉంటుందని వాటికి తోచనే లేదు. వాటిలో కొన్ని ధైర్యం చేసి తమ గుడ్లూ తెచ్చుకున్నాయి.

ఆ వారం గుబ్బలయ్య బుట్ట నిండలేదు. దాంతో ఆయనకి ఒళ్లు మండిపోయింది. నేరుగా అడవి సభ కార్యదర్శి దగ్గరికి పోయాడు. కార్యదర్శి ఎవరనుకున్నారు? నక్క పానకాలు. ఇంకెవరుంటారు లెండి!

మర్నాడే సభ పెట్టారు. అధ్యక్షుడు సింహం వీరభద్రం గారు ఉపన్యాసాలకి పెట్టింది పేరు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ జూలులో పిడుదులు ఏరడానికి రెండు గోరింకలు ఎప్పుడూ నెత్తిమీదే ఉండేవి. అవి పని చేస్తేనే ఆయన నోట మాట వచ్చేది. ఈ సంగతి ఆయనకీ తెలియదు.

గుబ్బలయ్య లేచి కళ్లు తుడుచుకున్నాడు. "నా గురించి కాదండీ నా బాధ. నా గుంటల దగ్గర నిప్పుకి గాలి విసిరే కుందేళ్ల గురించి. రేపట్నించి వాళ్లు రోడ్డున పడాల్సిందేనా?"

వెనక నుంచున్న కుందేళ్లు గొల్లుమన్నాయి. పాపం, వాటిలో ఒక్కదానికీ మీసాలు లేవు, ఎప్పుడో కమిలిపోయాయి.

పానకాలు గొంతు సవరించుకున్నాడు. "అసలు ప్రమాదం అది కాదు. ఎండని ఇలా అందరూ వాడేస్తే సూర్యుడు అరిగిపోడా? మన పిల్లలకి ఏం మిగులుతుంది?"

సభంతా గుసగుసలు. ఇంతలో ఓ దున్న ఉలిక్కిపడి, "అవునండోయ్! ఈమధ్య తొందరగా అస్తమిస్తున్నాడు కూడా! పోయిన నెల ఇంత తొందర లేదు!" అంది. చలికాలం వచ్చింది కదయ్యా అని ఒక్కరూ అనలేదు. అందరూ నాంచారమ్మ వైపు దొంగని చూసినట్టు చూశారు.

"నాకు వాదించడం రాదు. నా గుడ్లు బతికితే చాలు. ఒక్కసారి ఒడ్డుకొచ్చి చెయ్యిపెట్టి చూడండి" అందావిడ.

"చూద్దాం. కానీ పద్ధతి ప్రకారం చూద్దాం" అన్నారు వీరభద్రం గారు.

ఆ అడవిలో ఓ ఆచారం ఉంది. ఏ కొత్త విషయం వచ్చినా దానిమీద కమిటీ వెయ్యాలి, కమిటీకి గుడ్లగూబే పెద్దగా ఉండాలి. ఇంతింత కళ్లు, తక్కువ మాటలు, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్న మొహం. చదువుకున్నవాడని చెప్పడానికి ఇంకేం కావాలి? గుడ్లగూబ పరాంకుశం గారు అప్పుడు నిద్రలో ఉన్నారు. లేపి, సూర్యుడి మీద కమిటీ వేశామని చెప్పారు. ఆయన ఓ గబ్బిలాన్ని సభ్యుడిగా తీసుకున్నారు.

"అయ్యా, తమరు పగలు రావాలండీ" అంది నాంచారమ్మ, భయపడుతూనే.

"పగలు నేను పని చెయ్యను. నా సర్వీసులో ఎన్నడూ చెయ్యలేదు" అన్నారాయన చిరాగ్గా.

తర్వాతి సభలో పరాంకుశం గారు తాము కనుక్కున్నది చెప్పారు. "మేము స్వయంగా ఏటి ఒడ్డుకి వెళ్లాం. ఒకసారి కాదు, పలుమార్లు వెళ్లాం. అక్కడ రాయి వెచ్చగా ఉన్నమాట నిజం. కానీ ఎంత వెతికినా సూర్యుడు కనిపించలేదు. కాబట్టి ఆ వేడికి, సూర్యుడికి ఏ సంబంధమూ లేదు. కారణం తెలియని వేడి గుడ్లకి మంచిది కాదు."

గబ్బిలం తలకిందులుగా వేలాడుతూనే తలూపాడు. సభ చప్పట్లు కొట్టింది. నాంచారమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి ఏడుపే వచ్చింది.

అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది. ఇసకలో ఉన్న గుడ్లన్నీ తవ్వి గుంటలకి చేర్చాలి. సూర్యుడు అరిగిపోకుండా ఒడ్డు పొడుగునా పెద్ద పందిరి వెయ్యాలి. పందిరికి కావలసిన చెట్లు కొట్టే పని గుబ్బలయ్యకే ఇచ్చారు. ఆయన వద్దు వద్దంటూనే పుచ్చుకున్నాడు.

తవ్వడానికి అడవికుక్కలు బయల్దేరాయని గోరింక ఒకటి ముందే వచ్చి చెప్పింది. నాంచారమ్మ ఇసక తోడి గుడ్లు బయటికి తీసింది కానీ ఎటు పోవాలో తెలియలేదు.

"నా వీపు మీద పెట్టు, అవతలి ఒడ్డున దింపుతా" అన్నాడు కూర్మయ్య.

"జారిపోవూ?"

"జారకుండా నాచు కప్పు. ఏడుస్తూ కూర్చుంటే మాత్రం కుక్కలొచ్చేస్తాయి."

నాలుగు గుడ్లూ నాచులో కుదురుగా పెట్టింది. కూర్మయ్య ఈదుతున్నాడు, ఆవిడ పైన గిరగిరా తిరుగుతోంది. నడి ఏట్లో సుడి తగిలి కూర్మయ్య వీపు ఓ పక్కకి ఒరిగింది. ఒక గుడ్డు జారి నీళ్లలో పడింది. "బాబాయ్!" అని అరిచిందావిడ. కూర్మయ్య వెనక్కి చూడలేదు. చూస్తే మిగతావి కూడా పోతాయని ఆయనకి తెలుసు.

అవతలి ఒడ్డు వేరే అడవి. అక్కడ పెద్దగా చెలామణీ అయ్యేది ఓ ముసలి అడవిపంది. ఆవిడకి సభా లేదు, కార్యదర్శీ లేడు. బురదలోంచే అంతా విని, "ఇసకేగా? పెట్టుకో తల్లీ. నాదేం పోయింది?" అంది.

కొన్నాళ్లకి మొదటి గుడ్డు చిట్లింది. తడితడిగా ఓ పిల్ల బయటికొచ్చి గట్టిగా కిచకిచమంది. నాంచారమ్మ హడలిపోయింది.

"దగ్గవేంరా? నాన్నా, దగ్గరా! బాబాయ్, వీడు దగ్గడం లేదు! వీడికేదో అయిపోయింది!"

కూర్మయ్య వచ్చి చూశాడు. "ఎందుకు దగ్గాలి?" అన్నాడు.

పిల్ల మళ్లీ కిచకిచమంది. నాంచారమ్మ వాణ్ణి రెక్క కిందకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది. పోయిన పిల్లలందరి కోసం ఏడ్చింది. మిగతా రెండు గుడ్లు కూడా చిట్లాయి. ఎవరూ దగ్గలేదు.

ఆ కిచకిచలు గాలివాటుకి ఇవతలి ఒడ్డున వినపడ్డాయి. దానికి మాత్రం కమిటీ వెయ్యలేకపోయారు. ముందు జెముడుకాకులు ఏరు దాటాయి, తర్వాత పిచ్చుకలు, చివరికి వీరభద్రం గారి నెత్తిమీది గోరింకలు కూడా. చూస్తుండగానే అడవిలో గుడ్లగూబలు తప్ప పిట్టన్నది లేకుండా పోయింది.

"పోనీండి, పీడా పోయింది. మనకి పొగ మిగిలింది" అన్నాడు పానకాలు.

పొగతోపాటు పురుగులూ మిగిలాయి. తినే పిట్ట లేక ఆకుల్ని గొంగళిపురుగులు, మానుల్ని తొలుచుపురుగులు పట్టాయి. గుబ్బలయ్య కొట్టించిన కట్టెలు లోపలంతా డొల్ల. నిప్పు పెడితే భగ్గుమని ఆరిపోయేవి. అయినా గుంటలు ఆర్పలేదు. పిట్టలు తిరిగొస్తే నిప్పు సిద్ధంగా ఉండాలని సభ వాళ్లు కూడబెట్టిన ఇప్పపువ్వంతా గుబ్బలయ్యకే పోశారు. ఆయన చేసిన మొదటి పని కుందేళ్లని మాన్పించడం. గుడ్లు లేనప్పుడు విసరడం దేనికన్నాడు. కుందేళ్లు కూడా ఏరు దాటాయి. అవతల గుడ్ల పక్కకి వేడి రాళ్లు దొర్లించే పనిలో కుదిరాక వాటికి మీసాలు మొలిచాయట.

వీరభద్రం గారి అవస్థ చెప్పనక్కర్లేదు. జూలు నిండా పిడుదులు. "ప్రియమైన అడవి ప్రజలారా" అనేలోపు దురద. ఉపన్యాసం మొదలుపెట్టి, గోక్కుంటూ గోక్కుంటూ వెళ్లి చెట్టుకి రాసుకునేవారు. వినడానికి వచ్చినవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయేవారు. అధ్యక్షుడు మాట్లాడలేని అడవిని పక్క అడవుల వాళ్లు లెక్కచెయ్యడం మానేశారు.

గుడ్లు పెట్టేవాళ్లలో ఉడుములు, గుడ్లగూబలు మాత్రం ఇంకా ఉన్నాయి. గుంటల్లో వేడి లేదు. అప్పుడు గుబ్బలయ్య కొత్త వ్యాపారం మొదలుపెట్టాడు. అవతలి ఒడ్డు నుంచి వేడి రాళ్లు తెప్పించడం. నీటికుక్కలు వాటిని ఏట్లో ఈదుతూ తెచ్చేవి. వచ్చేసరికి రాళ్లు చల్లగా, తడిగా ఉండేవి.

"దిగుమతి సరుకండీ, ఆ మాత్రం చల్లారుతుంది" అని సర్దిచెప్పేవాడు పానకాలు. అచ్చం అలాంటి రాళ్లే సొంత ఒడ్డున పందిరి కింద వందల కొద్దీ పడి ఉన్నాయి. పందిరి తియ్యమనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. అది తీర్మానం కదా!

ఓ మధ్యాహ్నం నాంచారమ్మ పిల్లలకి ఇసకలో గింజలు గీకడం నేర్పుతోంది. ఏటి మీంచి ఓ జంట తూలుకుంటూ, చెట్లకి గుద్దుకుంటూ వచ్చి ఒడ్డున కూలబడింది. మగవాడు రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఆడమనిషి కాళ్లలో మూడు తెల్లటి గుడ్లు. పోల్చుకోవడానికి నాంచారమ్మకి క్షణం పట్టింది.

"పరాంకుశం గారా? పట్టపగలు వచ్చారేంటండీ?"

"ఇది కమిటీ పని కాదమ్మా," అన్నారాయన తలొంచుకుని. "సొంత పని."

నాంచారమ్మకి ఏట్లో జారిన గుడ్డు గుర్తొచ్చింది. తిట్టాలనుకుంది. ఇంతలో ఆ తెల్ల గుడ్ల మీద మసి కనపడింది. ఆ మసి ఆవిడకి బాగా తెలుసు. పక్కకి జరిగి, రాయి దగ్గర చోటిచ్చింది.

"ఇంతకీ సూర్యుడు కనపడ్డాడాండీ?" అంది, ఉండబట్టలేక.

పరాంకుశం గారు ఒక కన్ను సగం తెరిచి, మళ్లీ మూసుకున్నారు. "ఆ విషయం ఇంకా పరిశీలనలోనే ఉంది."

"నీ పరిశీలన తగలెయ్య! ముందు ఆ ఇసక తవ్వవయ్యా!" అంది ఆయన పెళ్లాం.

ఆయన వంగి ఇసక తవ్వాడు.

ఇందులో నీతి ఏమిటంటారా? సూర్యుడు లేడని తేల్చాలంటే రాత్రిపూట వెళ్లండి, మీ సొంత గుడ్లు మాత్రం పగలే పట్టుకెళ్లండి.